రుద్రప్రశ్నలో ప్రశ్న ఎక్కడ ఉన్నది? – కోనసీమ వేదాధ్యయనము, జిజ్ఞాసా సంప్రదాయము

కార్తిక సోమవారం నాడు కోనసీమలో ఏ శివాలయ ప్రాంగణంలో అడుగుపెట్టినా నమక చమకాలతో అభిషేకం జరుగుతూ ఉంటుంది. భక్తజనం నమకమని పిలుచుకునే ఆ మంత్రసముదాయానికి గ్రంథాలలో కనిపించే నామం శ్రీరుద్రప్రశ్నము. కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహితలో నాలుగవ కాండ, ఐదవ ప్రశ్న అది. అనువాకాలు 11. వాటిలో వినవచ్చేవి నమస్కారాలు, ప్రార్థనలు. రుద్రుని ధనుస్సుకు నమస్కారం, బాణానికి నమస్కారం, వృక్షాలలో, మార్గాలలో, జలాలలో ఉన్న రుద్రమూర్తులకు నమస్కారం. ఇన్ని నమస్కారాల మంత్రానికి "ప్రశ్న" అనే పేరు ఎలా వచ్చింది?

ఈ సందేహం పిల్లలకు కలిగితే పెద్దలు చెప్పే సమాధానం సాధారణంగా ఒక్కటే: "అది అధ్యాయం పేరు." సమాధానంలో దోషం లేదు. అయితే అధ్యాయానికి ఆ పేరే ఎందుకు పెట్టారన్న రెండవ ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. ఆ రెండవ ప్రశ్నను వెంబడిస్తే సనాతన ధర్మంలో బోధ ఎలా సాగేదో తెలుస్తుంది. నేడు దేవాలయాలలో, ఇళ్ళలో బాలబాలికలకు ధర్మం నేర్పే పెద్దలకు దారి కూడా అక్కడే దొరుకుతుంది.

పాఠానికి ప్రశ్న అని పేరు

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ తరతరాలుగా వేదభూమి. ఇక్కడి అగ్రహారాలలో ప్రధానంగా నిలిచినది తైత్తిరీయ శాఖ. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, మొత్తం 82 ప్రశ్నలు. తెలుగు వేదపండితుల నోట ఈ ప్రశ్న శబ్దమే "పన్నం" అయింది. ఎనభైరెండు పన్నాలు వచ్చినవారంటే తైత్తిరీయ శాఖను సమగ్రంగా ధారణ చేసినవారని అర్థం. పన్నం లోపల అనువాకాలు, అనువాకం లోపల ఏబది పదాల చొప్పున పనసలు. పనస అన్న మాట పంచాశత్ అనే సంఖ్యావాచకం నుండి వచ్చినది. చెట్టున కాచే పనసతో దానికి సంబంధం లేదు.

ఋగ్వేద ప్రాతిశాఖ్యం తన పదునైదవ పటలంలో వేదాధ్యయన విధిని వర్ణిస్తుంది. శిష్యులు గురుపాదాలకు ప్రణమిల్లి, బోధించవలసినదిగా అర్థించాలి. గురువు ప్రణవంతో ఆరంభించాలి. అలా శిష్యుని అభ్యర్థనకు బదులుగా వెలువడే పాఠఖండమే ప్రశ్న. మూడు ఋక్కులు ఒక ప్రశ్న, సుమారు అరవై ప్రశ్నలు ఒక అధ్యాయం అని అక్కడ లెక్క. ఋగ్వేదులలో ఆ మాట చిన్న పాఠఖండానికి, తైత్తిరీయులలో పెద్ద విభాగానికి పేరు. పేరు వెనుక ఉన్న భావం మాత్రం ఒక్కటే. అడిగినవాడు లేనిదే పాఠం లేదు. అడగనిది అమ్మైనా పెట్టదన్న తెలుగు సామెతకు వైదికరూపం ఇదే అనవచ్చు.

కనుక రుద్రప్రశ్నలోని ప్రశ్న మంత్రాక్షరాలలో వెదకవలసినది కాదు. మంత్రం మొదలు కావడానికి ముందే, గురువు ఎదుట చేతులు జోడించిన శిష్యుని అభ్యర్థనలో అది ఉన్నది.

సంత, వల్లె, పరీక్ష

అగ్రహారపు చదువు ఏడెనిమిదేళ్ళ వయస్సున మొదలయ్యేది. గురువు సంత చెప్పడం, శిష్యుడు స్వరం తప్పకుండా తిరిగి చెప్పడం, తరువాత వల్లె వేయడం. ఎనిమిది నుండి పన్నెండేళ్ళ వరకు ఇదే నిత్యకృత్యం. గోదావరి డెల్టాలోని పది వేదపండిత కుటుంబాల నాలుగు తరాల జీవితాన్ని అమెరికా ఆచార్యుడు డేవిడ్ నైప్ 2015లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించారు. ఆ పండితులు, వారి గృహిణులు, వారి సంతానం తమ మాటలలో తమ జీవితాన్ని చెప్పుకోవడం ఆ గ్రంథంలోని విశేషం. దూరదేశం నుండి వచ్చిన జిజ్ఞాసువు అడిగి, ఓర్పుతో విన్నందువలన ఆ మాటలు అక్షరబద్ధమైనాయి.

అధ్యయనం చివర పరీక్ష. పరీక్షాధికారి మంత్రభాగాన్ని ఎక్కడో ఒకచోట ఎత్తి ఇస్తారు. అక్కడి నుండి విద్యార్థి తడుముకోకుండా అందుకోవాలి. క్రమపాఠం, జట, ఘన అయితే పరీక్ష మరింత కఠినం. ఇదీ ప్రశ్నే. అయితే ఈ ప్రశ్న పరీక్షించేది ధారణను. అక్షరం జారిందా, స్వరం చెదిరిందా అన్నదే దీని విచారం. వేదాన్ని వేల సంవత్సరాలు చెక్కుచెదరకుండా నిలిపినది ఈ నియమమే గనుక దీనిని తక్కువ చేయరాదు.

అయినా ధారణాప్రశ్న ఒక్కటే చాలదని పూర్వులే చెప్పారు. అర్థం ఎరుగక వేదం వల్లించేవానిని యాస్కాచార్యుడు నిరుక్తంలో బరువు మోసే స్తంభంతో పోల్చే వచనాన్ని ఉదాహరించాడు. అలాగని అర్థవిచారం పేరిట ధారణను విడిచినవానికి విచారించడానికి వస్తువే ఉండదు. కంఠంలో మంత్రం నిలవాలి, హృదయంలో ప్రశ్న మొలవాలి. ఈ రెండింటి పౌర్వాపర్యం తెలిసినవాడే బోధకుడు.

ఎనభైరెండు పన్నాలలోని మూడు కథలు

కోనసీమ వేదపండితుడు కంఠస్థం చేసే తైత్తిరీయ వాఙ్మయంలోనే ప్రశ్న ఎలా ఉండాలో చూపే మూడు కథలున్నాయి.

మొదటిది భరద్వాజుని కథ. తైత్తిరీయ బ్రాహ్మణం మూడవ కాండలో ఉన్నది. భరద్వాజ మహర్షి మూడు ఆయుఃప్రమాణాలు బ్రహ్మచర్యంతో వేదాధ్యయనం చేశాడు. జీర్ణదేహంతో శయనించి ఉన్న ఆ వృద్ధుని వద్దకు ఇంద్రుడు వచ్చాడు. బోధ మొదలు పెట్టలేదు, ఒక ప్రశ్న వేశాడు: నాలుగవ ఆయువు కూడా ఇస్తే దానితో ఏమి చేస్తావు? మళ్ళీ బ్రహ్మచర్యమే ఆచరిస్తానని భరద్వాజుడు బదులిచ్చాడు. అప్పుడు ఇంద్రుడు మూడు పర్వతాలను చూపి, ఒక్కొక్కదాని నుండి పిడికెడు తీసి, వేదాలు ఇవే, అవి అనంతములు, నీవు ఇంతకాలం చదివినది ఈ పిడికెళ్ళంత మాత్రమేనని తెలిపి, ఆ పైన సావిత్రాగ్ని విద్యను ఉపదేశించాడు.

ఇంద్రుడు అడిగిన ప్రశ్నలో జ్ఞాపకశక్తి పరీక్ష లేదు, తప్పు పట్టే ఉద్దేశం లేదు. శిష్యుని హృదయం దేనిని కోరుతున్నదో శిష్యుని నోటనే పలికించడం దాని ప్రయోజనం. సమాధానం విన్న తరువాతనే పర్వతాలు కనిపించాయి. ఆ ప్రశ్న లేకుండా పర్వతాలను ముందే చూపి ఉంటే మూడు జన్మల తపస్వికి అది అవమానంగా తోచేది. ప్రశ్న ముందు రావడం చేత అదే మాట అనుగ్రహమైంది.

రెండవది నచికేతుని కథ. కఠోపనిషత్తు ద్వారా లోకప్రసిద్ధమైన ఈ వృత్తాంతం తైత్తిరీయ బ్రాహ్మణంలో సంక్షిప్తంగా ఉన్నది. సర్వస్వం దానం చేస్తున్న తండ్రిని, నన్నెవరికి ఇస్తావని బాలుడు అడిగాడు. రెండవసారి, మూడవసారి కూడా అడిగాడు. తండ్రికి కోపం వచ్చింది. మృత్యువుకు ఇస్తానన్నాడు. బాలుని ప్రశ్న అవినయం కాదు. దానం సంపూర్ణం కావాలన్న శ్రద్ధలో నుండి పుట్టినది. దానిని అవినయంగా వినడం తండ్రి తొందరపాటు. చిత్రమేమంటే తండ్రి విసిగిన చోట యముడు విసగలేదు. ఎన్ని రాత్రులు ఉపవాసమున్నావని తానే అడిగి తెలుసుకొని, నమస్కరించి, వరాలిచ్చాడు. పిల్లవాని ప్రశ్నకు ఇంట ఆదరం లేకపోతే ఆ ప్రశ్న మరొక గడప తొక్కుతుంది. నచికేతునికి ఆ గడపలో సద్గురువు దొరికాడు. అందరికీ అలా దొరుకుతాడన్న హామీ లేదు.

మూడవది భృగువల్లి. బ్రహ్మమును బోధించమని భృగువు తండ్రియైన వరుణుని వేడుకున్నాడు. వరుణుడు లక్షణం చెప్పి, తపస్సుతో తెలుసుకొమ్మన్నాడు. భృగువు తపించి అన్నమే బ్రహ్మమని గ్రహించాడు. తృప్తి కలుగక మళ్ళీ వచ్చాడు. ఆపైన ప్రాణం, మనస్సు, విజ్ఞానం. ప్రతిసారీ అదే అభ్యర్థన, ప్రతిసారీ తపస్సు చేయమన్న అదే ఆదేశం. మొత్తం ఐదుసార్లు అర్థించాడు. ఆనందమే బ్రహ్మమని తెలిసిన తరువాత మరి అడగలేదు.

వరుణుడు ఒక్కసారి కూడా "తప్పు" అనలేదు. అన్నం బ్రహ్మమన్న దర్శనం అసత్యం కాదు, అసంపూర్ణం. దాని అసంపూర్ణత శిష్యునికే తోచేవరకు గురువు నిరీక్షించాడు. మొదటి రోజే ఆనందమని చెప్పివేసి ఉంటే భృగువుకు ఒక పదం దక్కేది, అనుభవం దక్కేది కాదు.

ముంగండ పండితుడు, వాదధర్మము

ప్రశ్నకు మరొక ముఖం శాస్త్రచర్చ. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం నేటికీ తర్కవిద్యార్థులకు తొలి గ్రంథం. లక్షణదోషాలను బోధించేటప్పుడు గోవునే ఉదాహరణగా తీసుకోవడం ఆ సంప్రదాయంలో వాడుక. గోవు అంటే ఏమి అని గురువు అడుగుతాడు. కొమ్ములు గలది అంటే, గేదెకు లేవా అని మరో ప్రశ్న, అది అతివ్యాప్తి. కపిలవర్ణం గలది అంటే, తెల్ల ఆవు ఆవు కాదా, అది అవ్యాప్తి. ఒకే గిట్ట గలది అంటే, ఏ ఆవుకూ అది కుదరదు, అది అసంభవం. చివరకు గంగడోలు వద్దకు చేరేసరికి విద్యార్థికి గోలక్షణంతో పాటు ఆలోచించే పద్ధతి కూడా పట్టుబడుతుంది. మీమాంసకుల అధికరణంలోనూ విషయం, సంశయం, పూర్వపక్షం దాటిన తరువాతనే సిద్ధాంతం వస్తుంది. సంశయానికి శాస్త్రమే పీట వేసి కూర్చోబెట్టింది.

ఈ విద్యలో కోనసీమ పేరును దేశమంతటా నిలిపినవాడు ముంగండ అగ్రహారపు జగన్నాథ పండితరాయలు. పి. గన్నవరం సమీపంలోని ఆ గ్రామం ఆయన వంశస్థానం. తండ్రి పేరుభట్టు వేదాంతం, న్యాయం, మీమాంస, వ్యాకరణం ఒక్కొక్కటి ఒక్కొక్క మహాపండితుని వద్ద అభ్యసించినవాడు. కుమారుడు షాజహాను ఆస్థానంలో పండితరాజ బిరుదం పొందాడు. ఆయన రసగంగాధరం అసంపూర్ణంగానే లభించినా అలంకారశాస్త్రంలో శిఖరప్రాయం. అందులో కావ్యలక్షణం చెప్పిన వెంటనే ఆయనే దానిని ప్రశ్నిస్తాడు. ఈ పదం ఎందుకు, ఇది తీసివేస్తే ఏ దోషం, పూర్వులు ఇలా అన్నారు కదా, అది ఏల నిలువదు? తన మాటను తానే పరీక్షకు నిలిపిన తరువాతనే పాఠకుని అంగీకరించమంటాడు.

అదే పండితరాయలు అప్పయ్యదీక్షితుల చిత్రమీమాంసను ఖండించాడు. భట్టోజీదీక్షితుల ప్రౌఢమనోరమపై ఆయన రచించిన ఖండనగ్రంథం పేరే పరుషమైనది. శేషకృష్ణుని శిష్యుడైన భట్టోజీ గురువు మతాన్నే ఖండించడం గురుద్రోహమని పండితరాయల ఆక్షేపం. శేషకృష్ణుని కుమారుడైన వీరేశ్వరుడు పండితరాయల గురుపరంపరలోనివాడు. ఈ వివాదంలో సూక్ష్మమైన ధర్మసందేహం దాగి ఉన్నది. గురువు మాటను శిష్యుడు ప్రశ్నించవచ్చునా? ప్రశ్నించరాదంటే శాస్త్రం ఎదగదు. ప్రశ్న ఖండనగా, ఖండన కోపంగా మారితే విద్యాబంధం తెగుతుంది.

న్యాయశాస్త్రం దీనికి హద్దులు గీసింది. తత్త్వనిర్ణయం కొరకు జరిగేది వాదం. గెలుపు కొరకు జరిగేది జల్పం. తనకంటూ పక్షం లేకుండా ఎదుటివాని మాటను కూల్చడమే పనిగా పెట్టుకున్నది వితండ. ప్రశ్నల రూపం మూడింటిలోనూ ఒక్కటిగానే కనిపించవచ్చు. భేదం అడిగేవాని చిత్తంలో ఉంటుంది. గీతాచార్యుడు ప్రణిపాతాన్ని, సేవను జోడించి మధ్యన పరిప్రశ్నను నిలిపినది ఇందుకే. ఇటు వినయం, అటు సేవ ఉన్నప్పుడు ఎంత తీవ్రమైన ప్రశ్న అయినా గురువును నొప్పించదు.

ఈ హద్దు గురువుకూ వర్తిస్తుంది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలతో వచ్చినప్పుడు పిప్పలాదుడు ఒక సంవత్సరం తపోబ్రహ్మచర్య శ్రద్ధలతో నివసించమన్నాడు. ఆపైన ఇష్టమైన ప్రశ్నలు అడగండి, తెలిసి ఉంటే చెబుతామన్నాడు. "తెలిసి ఉంటే" అన్న ఆ ఒక్క షరతులో ఆచార్యత్వం అంతా ఉన్నది. ఆ ఆరుగురిలో ఒకడైన సుకేశుడు, కోసల రాజపుత్రుడు తనను అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక తెలియదనే చెప్పి పంపాడు. అసత్యమాడితే సమూలంగా ఎండిపోతానని భయపడ్డాడు. ఆ ప్రశ్ననే మోసుకొని వచ్చి గురువు ముందు ఉంచాడు. తెలియదన్న మాట అతనికి అపకీర్తి తేలేదు. ఉపనిషత్తులో చివరి ప్రశ్న అడిగే గౌరవం తెచ్చింది.

జగ్గన్నతోటలో పదకొండు

కనుమనాడు అంబాజీపేట సమీపాన మొసలపల్లి జగ్గన్నతోటకు ఏకాదశరుద్రులు ప్రభలపై వేంచేస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి గ్రామాల స్వాములు ఒక్కచోట కొలువుదీరుతారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలువ నీటిలో దిగి భుజాలపై దాటించే దృశ్యం చూడని కోనసీమ బాలుడు అరుదు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే ఢిల్లీలో దర్శనమిచ్చింది.

ఆ తోటలో తండ్రి భుజాన కూర్చున్న పసివాడు "పదకొండుమందే ఎందుకు?" అని అడిగితే ఏమి చెప్పాలి? "ఆచారం, దణ్ణం పెట్టుకో" అనవచ్చు. అప్పటితో మాట ముగుస్తుంది. "నమకంలో అనువాకాలెన్ని? లెక్కపెట్టి చెప్పు" అని అడిగితే బాలుని చేతికి ఒక దారం అందుతుంది. ఆ దారం చివర బృహదారణ్యకోపనిషత్తు ఉన్నది.

అక్కడ శాకల్యుడు యాజ్ఞవల్క్యుని, దేవతలు ఎందరని అడుగుతాడు. మొదటి సమాధానం 3306. సరే, ఎందరు అని మళ్ళీ అడిగితే 33. మళ్ళీ అడిగితే ఆరుగురు, ముగ్గురు, ఇద్దరు, ఒకటిన్నర, చివరకు ఒక్కరు. ఒకే ప్రశ్న ఏడుసార్లు అడిగితే అనేకత్వం నుండి ఏకత్వానికి సోపానం ఏర్పడింది. 33 మంది ఎవరన్న ప్రశ్నకు వచ్చిన వివరణలో ఏకాదశరుద్రుల ప్రస్తావన ఉన్నది. పురుషునిలోని పది ప్రాణాలు, పదకొండవది ఆత్మ. అవి దేహాన్ని విడిచేటప్పుడు బంధువులను రోదింపజేస్తాయి గనుక రుద్రులు. తోటలో ప్రభలపై కనిపించిన పదకొండుమంది తన దేహంలోనే ఉన్నారని తెలిసిన బాలుడు మరుసటి ఏడు ఆ ప్రభలను మరొక చూపుతో చూస్తాడు.

అదే శాకల్యుడు ఆపై హద్దు దాటాడు. యాజ్ఞవల్క్యుని ఎదురు ప్రశ్నకు జవాబు తెలియక శిరఃపతనం పొందాడు. అదే సభలో గార్గి ఒకసారి అతిప్రశ్న అడిగి వారింపబడింది. ఆమె మౌనం వహించి, తరువాత సభ అనుమతితో రెండు ప్రశ్నలు మాత్రం అడిగి, సమాధానం విని, యాజ్ఞవల్క్యునికి నమస్కరించమని సభకు చెప్పింది. ఆమె ప్రశ్నల తీవ్రత శాకల్యుని ప్రశ్నలకు తీసిపోదు. సమాధానాన్ని స్వీకరించే మనస్సు ఆమెకు ఉన్నది, అతనికి లేదు.

బోధకుని విధి

లోకవ్యవహారంలో జవాబు లేని చిక్కు ప్రశ్నలను యక్షప్రశ్నలంటారు. భారతంలోని యక్షుడు మాత్రం జవాబులున్న ప్రశ్నలే అడిగాడు. వినకుండా నీరు త్రాగిన నలుగురు కూలిపోయారు. నిలిచి విన్న ధర్మరాజు గెలిచాడు. నలుగురిలో ఎవరిని బ్రతికించమంటావన్నది యక్షుని అంతిమ పరీక్ష. ధర్మరాజు నకులుని కోరాడు. కుంతికి తాను ఉన్నాడు, మాద్రికి ఒక పుత్రుడుండాలన్నది ఆయన ధర్మం. ముందరి సమాధానాలన్నీ పాండిత్యంతో చెప్పగలిగినవి. ఈ సమాధానం చెప్పడానికి ధర్మం ఆచరణలో ఉండాలి.

నేటి ధర్మబోధలో తొలిరకం ప్రశ్నలకు కొదువ లేదు. పాండవుల పేర్లు, దశావతారాల క్రమం, రామాయణ కాండల సంఖ్య పిల్లలు చక్కగా అప్పగిస్తారు, బహుమతులు తెచ్చుకుంటారు. అవి అవసరమే, సంత లేనిదే అర్థవిచారం లేదు. అయితే అక్కడే ఆగిపోతే పదిహేనేళ్ళ ప్రాయంలో మనస్సు అడిగే అసలు ప్రశ్నలకు దేవాలయంలో చోటు లేదని బాలుడు నిశ్చయించుకుంటాడు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని ముందు దర్శించి, వెనుకకు వెళ్ళి మోహినీరూపాన్ని చూసిన బాలికను "ఒకే శిలలో ఇద్దరిని ఎందుకు చూపారనుకుంటున్నావు?" అని అడిగి, ఆమె జవాబు పూర్తిగా వినే పెద్దలు కావాలి. ఆమె జవాబు అసంపూర్ణమైతే వరుణుని వలె మళ్ళీ ఆలోచించమనాలి. ఆమె ప్రశ్నకు తమకు జవాబు తెలియకపోతే సుకేశుని వలె తెలియదని చెప్పి, తెలిసినవారి వద్దకు ఆమెతో కలిసి నడవాలి.

తైత్తిరీయ శీక్షావల్లిలో విద్య ముగించుకొని వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు ఒక జాగ్రత్త చెబుతాడు. కర్మ విషయంలో గాని, నడవడి విషయంలో గాని సందేహం కలిగితే, విచారశీలులు, ధర్మకాములు, కఠినహృదయులు కాని పెద్దలు ఎలా ప్రవర్తిస్తారో చూసి అలా ప్రవర్తించమంటాడు. చదువంతా పూర్తయిన రోజున కూడా శిష్యునికి సందేహాలు వస్తాయని ఆచార్యుడు ముందే ఎరుగుదురు. ఆ సందేహాన్ని నిందించలేదు. సందేహించినవాడు ఆశ్రయించవలసిన పెద్దలు కఠినంగా ఉండరాదని మాత్రం నియమం చేశారు.

రుద్రప్రశ్న ప్రతి అభిషేకంలోనూ మ్రోగుతూనే ఉన్నది. దాని పేరులో నిలిచి ఉన్న శిష్యుని అభ్యర్థన వినిపించేది కఠినత్వం విడిచిన చెవికే.

స్వస్తి.